దిగేటప్పుడు ఏ గేరు?

తిరుమల ఘాట్ రోడ్ల మీద ఒక లెక్క ఉంది. అలిపిరి నుంచి కొండెక్కే బండికి కనీసం 28 నిమిషాలు పట్టాలి. కొండ దిగే బండికి కనీసం 40 నిమిషాలు. అంతకంటే ముందే కిందికి చేరారంటే తొందరపడ్డట్టే. దిగే దారి దాదాపు 19 కిలోమీటర్లు. భాగించి చూస్తే గంటకు 28, 29 కిలోమీటర్ల వేగం. కొత్తవాళ్ళకు ఇది తిరకాసు లెక్కలా అనిపిస్తుంది. ఎక్కేటప్పుడు ఇంజను ముక్కుతూ మూలుగుతూ లాగాలి. దిగేటప్పుడు కారు దానంతటదే జారుతుంది. సులువైన పనికి ఎక్కువ టైమేమిటి?

సులువు కాబట్టే.

వ్యక్తిత్వ వికాసం పేరుతో మనకు దొరికే పుస్తకాలు చాలామటుకు ఎక్కడం గురించే మాట్లాడతాయి. లక్ష్యం పెట్టుకో, తెల్లవారుజామున లే, కష్టపడు, శిఖరం చేరు. మంచిదే. చేరాక ఏమిటి? ఉద్యోగం వచ్చింది, ఇంక్రిమెంటు పడింది, పిల్ల పెళ్ళి అయిపోయింది, ఇంటి లోను తీరింది, పీఎఫ్ డబ్బు చేతికొచ్చింది. ఇప్పుడు ఎవరూ నెట్టక్కర్లేదు, బండి దానంతటదే వేగం అందుకుంటుంది. మనుషులు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే అని నా నమ్మకం. ఎక్కేటప్పుడు తప్పు చేస్తే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు తప్పు చేస్తే ఆగదు.

మీరేమీ చేయకుండా ఊరికే కూర్చున్నా వేగం పెరిగే ప్రతి చోటునూ వాలు అనుకోండి. కార్డు నంబరు ముందే దాచిపెట్టుకున్న షాపింగ్ యాప్ ఒక వాలు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మొదలైన వాదన ఒక వాలు. రాత్రి పదకొండింటికి చేతిలో ఉన్న ఫోను సంగతి చెప్పక్కర్లేదు. వీటిని మనం ఎలా దిగుతున్నాం? నూటికి తొంభై మందిమి బ్రేకు తొక్కుతూ దిగుతున్నాం. ప్రతి వంపు దగ్గరా తొక్కుతాం, కాస్త ఆగుతాం, వదులుతాం, మళ్ళీ జారుతాం, మళ్ళీ తొక్కుతాం. దీనికి నిగ్రహం అని పెద్ద పేరు కూడా పెట్టుకున్నాం.

ఘాట్ డ్రైవర్లు ఈ పద్ధతిని అస్సలు ఒప్పుకోరు. ఎందుకొప్పుకోరో ఒక చిన్న లెక్కతో తేలుతుంది.

మనుషులతో, సామానుతో కలిపి కారు 1,600 కిలోలు ఉందనుకుందాం. కొండ మీదికీ కిందికీ ఎత్తు తేడా ఆరేడు వందల మీటర్లు, లెక్కకు 700 వేసుకుందాం. ఆ బరువు అంత ఎత్తు నుంచి దిగుతుంటే విడుదలయ్యే శక్తి సుమారు 3 యూనిట్ల కరెంటుకు సమానం. మన ఇంటి మీటరు మీద తిరిగే యూనిట్లే. ఇందులో ఒక యూనిట్ టైర్ల రాపిడికీ, ఎదురుగాలికీ పోతుంది. మిగతా రెండు యూనిట్లనూ ఎవరో ఒకరు మింగాలి. మీరు బ్రేకును మాత్రమే నమ్ముకుంటే ఆ శక్తంతా చక్రాల దగ్గరున్న నాలుగు ఇనుప పళ్ళేల్లో వేడిగా మారుతుంది. కిందికి చేరేదాకా మారుతూనే ఉంటుంది, చల్లారే వ్యవధి దొరకదు.

వేడెక్కిన ప్యాడ్లకు పట్టు తగ్గుతుంది. ఇంకా ప్రమాదం బ్రేకు ఆయిల్‌తో. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీలు దాటితేగానీ మరగదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకునే రకం. బాగా తేమ పట్టిన ఆయిల్ 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4 అయితే కొత్తలో 230, తేమ పట్టాక 155. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అవతలికి వెళుతుంది. ఆవిరిని నొక్కితే ఆవిరే నలుగుతుంది. పెడల్ మెత్తగా కిందిదాకా పోతుంది, కారు మాత్రం ఆగదు. విచిత్రమేమిటంటే బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో ఆయిల్ నిండుగానే కనిపిస్తుంది.

మన ఓపిక సంగతీ ఇంతే. పైకి నిండుగానే ఉంటాం. రెండేళ్ళుగా సరైన నిద్ర లేదు, ఆఫీసులో నోరు నొక్కుకోవడం అలవాటైపోయింది, ఇంటికొచ్చి పిల్లల దగ్గర ఓర్పు చూపించడం ఒక డ్యూటీ అయింది. తేమ పడుతూనే ఉంది. మామూలు రోడ్డు మీద తేడా తెలియదు. ఏదో ఒక పొడుగాటి వాలులో, పెళ్ళింట్లోనో ఆస్తి పంపకాల దగ్గరో, అలవాటైన వేడికే మరిగిపోతాం. "ఆయన అలా మాట్లాడే మనిషి కాదే!" అని చుట్టాలు ఆశ్చర్యపోతారు. కాదు మరి, కొత్త ఆయిల్ అయితే. బ్రేకు ఆయిల్‌ను రెండేళ్ళకోసారి మార్చమని మెకానిక్ చెబుతాడు. నిండుగానే ఉంది కదా అని మనం వాయిదా వేస్తాం.

మరి డ్రైవర్లు దేన్ని నమ్ముకుంటారు? గేరును. లారీ తోలినవాళ్ళ నోట తరచూ వినపడే మాట ఒకటుంది: ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. చిన్న గేర్లో ఉంటే చక్రాలు ఇంజనును తిప్పాల్సి వస్తుంది. పెట్రోలు అందని ఇంజను గాలిని పీల్చి నొక్కే పనిలో చక్రాలకు అడ్డం పడుతుంది. బ్రేకు మీద కాలు పెట్టకముందే బండి సగం అదుపులో ఉంటుంది. ఆ వేడి కూడా బ్రేకుల్లో పోగుపడదు, రేడియేటరు నుంచీ సైలెన్సరు నుంచీ బయటికి పోతుంది.

ఇక హైబ్రిడ్ కారు. గ్రాండ్ విటారా, హైరైడర్ వంటివి వచ్చాక మన ఊళ్ళలోనూ ఇవి మామూలైపోయాయి. వీటిలో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, ఎలక్ట్రిక్ మోటారూ ఉంటుంది. బ్రేకు తొక్కితే మొదట మోటారే జనరేటరుగా మారి, వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీలో దాస్తుంది. అది చాలనప్పుడే అసలు బ్రేకులు పట్టుకుంటాయి. ఊళ్ళో తిరిగినంత కాలం ఇది బ్రహ్మాండమైన ఏర్పాటు. ప్యాడ్లు ఏళ్ళ తరబడి అరగవు. కొండ మీద మాత్రం ఇందులోనే ఒక మెలిక ఉంది.

ఆ మెలికను ఒకసారి తిరుమల నుంచి దిగుతూ వెనక సీట్లో కూర్చుని చూశాను. స్టీరింగ్ దగ్గర హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తిరుపతి కుర్రాడు. పక్కన అతని మేనమామ, తిరుపతిలో ఏళ్ళ తరబడి ఘాట్ బస్సు నడిపి రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. వెనక నాతోపాటు అత్తయ్య, ఒళ్ళో ప్రసాదం సంచి. మొదటి నాలుగైదు కిలోమీటర్లు కుర్రాడికి పండగే. బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు, స్క్రీన్ మీద చక్రాల నుంచి బ్యాటరీలోకి బాణాలు పరుగెడుతున్నాయి. బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే నిండుతున్నాయి.

"చూడు మామా, దిగేకొద్దీ కరెంటు పుడతాంది. ఊరికే!"

"నిండినాక యాడికి పోతాదిరా?" అన్నాడు పెద్దాయన.

కుర్రాడు నవ్వేశాడు. ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం ఇంకా రానేలేదు, గీతలన్నీ నిండిపోయాయి. అక్కడి నుంచి పెడల్ తీరు మారింది. ఇంతసేపూ మెత్తగా ఆగిన కారుకు ఇప్పుడు కాలు గట్టిగా నొక్కాల్సి వస్తోంది. వంపు తర్వాత వంపు. మొదట కనిపెట్టింది అత్తయ్య.

"ఏందో కాలిన వాసన వస్తాందే?"

"ఏ గేర్లో ఉండావురా?" పెద్దాయన ముందుకు వంగాడు.

"డీలోనే మామా. ఆటోమేటిక్ కదా."

"నీకు ఆటోమేటిక్కురా, కొండకు కాదు. దాని కింద బి అని ఉందే, అదేంటికి పెట్టినారు?"

కుర్రాడు లివరును ఇంకో మెట్టు వెనక్కి లాగాడు. ఇంతసేపూ మూగగా ఉన్న ఇంజను గయ్యిమంది. కుర్రాడి ముఖం పాలిపోయింది. "మామా, పెట్రోలు తాగేస్తాంది!"

"తాగదులే. అరస్తాంది అంతే. అరవనీ."

పెద్దాయన హైబ్రిడ్ ఎన్నడూ నడపలేదు. కానీ ఆయన అడిగిన మొదటి ప్రశ్నలోనే అసలు సంగతంతా ఉంది: నిండినాక ఎక్కడికి పోతుంది? ఈ తరహా కార్లలో బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 0.76 యూనిట్. అది పూర్తిగా ఖాళీ కాకుండా, పూర్తిగా నిండకుండా కంప్యూటరు కాపాడుతుంటుంది కాబట్టి నిజంగా వాడుకునే జాగా ఇంకా తక్కువ. కొండ మీద నుంచి మనం దింపుతున్నది రెండు యూనిట్లు. దారిలో కొంత వృథా పోయినా, సగం దారి రాకముందే జాగా అయిపోతుంది. ఆ తర్వాత మోటారు పట్టుకోలేదు. భారమంతా అసలు బ్రేకుల మీదికి వస్తుంది.

దీన్ని ఊహించే తయారుచేసినవాళ్ళు 'బి' పెట్టారు. 1997లో జపాన్ రోడ్ల మీదికి వచ్చిన ప్రియస్ నాటి నుంచీ టయోటా హైబ్రిడ్లలో ఇది ఉంది. కొన్ని కంపెనీలు స్టీరింగ్ వెనక మీటల రూపంలో ఇలాంటి ఏర్పాటే ఇస్తాయి. 'బి'లో వేస్తే ఇంజను పెట్రోలు కాల్చకుండానే తిరుగుతూ అదనపు శక్తిని మింగుతుంది. గోల పెడుతుంది, నిజమే. ఆ గోలే పని జరుగుతోందనడానికి గుర్తు. తెలియనివాళ్ళు గోలకు భయపడి మళ్ళీ 'డి'లోకి నెడతారు. కారు నిశ్శబ్దంగా మారుతుంది, బ్రేకులు మళ్ళీ కాలడం మొదలవుతుంది.

మొదటి నాలుగు కిలోమీటర్ల పండగ గురించి కాస్త ఆలోచించండి. వాలులో మొదటి భాగం ఎప్పుడూ బాగుంటుంది. మోసం అందులోనే ఉంది. జీతం పెరిగిన మొదటి ఆరు నెలలు ఖర్చు పెరిగినా ఇబ్బంది తెలియదు. పెరిగిన జీతంలో జాగా ఉంటుంది, అన్నీ మింగుతుంది. కొత్త ఫోను, పెద్ద టీవీ, పిల్లాడికి ఇంకో ఖరీదైన బడి, ఊళ్ళో అందరికీ పెట్టుపోతలు. బాణాలు పచ్చగా పరుగెడుతుంటాయి. "మనకు సమస్యే లేదు" అనిపించే ఈ ఆరు నెలల్లోనే మనిషి వేగం ఎంతకు పెరిగిందో గమనించుకోడు. జాగా నిండిన రోజున వేగం మాత్రం పైనే ఉంటుంది. అప్పుడు తొక్కాలి బ్రేకు. బడి మాన్పించాలి, ఈఎంఐ ఎగ్గొట్టాలి, చుట్టాలకు ముఖం చాటేయాలి. ఒక్కొక్కటీ వాసన వచ్చే పనే.

అందుకే గేరు కొండ మీదే మార్చాలి. వంపులో కాదు, వాసన వచ్చాక అసలే కాదు. 'బి'లో వేయడానికి కారు ఆపక్కర్లేదు, నడుస్తుండగానే వేయవచ్చు, అది వేరే మాట. కానీ వాలు మొదలయ్యే చోట వేసినవాడికి బ్రేకులు చల్లగా మిగులుతాయి. ఆ మిగిలిన బ్రేకు ఎందుకంటే, వంపు తిరగ్గానే రోడ్డు మధ్యలో నిలబడే కోతి కోసం. అలిపిరి మెట్ల దారి నుంచి హఠాత్తుగా రోడ్డు దాటే భక్తుడి కోసం. రోజువారీ వేగానికి గేరు, అనుకోని ప్రమాదానికి బ్రేకు. ఈ రెండింటి పనీ ఒక్క బ్రేకుతోనే చేయించేవాడు, అసలు అవసరమొచ్చిన క్షణాన ఏమీ లేనివాడవుతాడు.

డబ్బు విషయంలో ఈ సూత్రం ఎంత గట్టిదో చూపించిన పని ఒకటి ఉంది. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్‌జీ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఒక ఫ్యాక్టరీ ఉద్యోగులతో చేసి, 2004లో ప్రకటించారు. పొదుపు సరిపోవడం లేదు, ఇప్పుడే పెంచండి అని సలహా ఇస్తే చాలామంది కుదరదన్నారు. అలా కాదన్నవాళ్ళనే మరోలా అడిగారు: ఇప్పుడు ఒక్క డాలరూ ఇవ్వొద్దు, వచ్చే ఇంక్రిమెంటు పడ్డప్పుడు అందులో కొంత పొదుపులోకి దానంతటదే పోయేలా ఈరోజే సంతకం పెడతారా? నూటికి 78 మంది పెట్టారు. 40 నెలల్లో వాళ్ళ పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. మనుషులు మారలేదు, వాళ్ళ మనోబలం పెరగలేదు. గేరు ఎప్పుడు వేయాలన్నది మారింది, అంతే. వాలు మొదలవకముందే వేయించారు. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మన దగ్గర దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. జీతం ఒకటో తారీఖున పడుతుంటే, రికరింగ్ డిపాజిట్టుకో సిప్‌కో రెండో తారీఖున డబ్బు కట్టయ్యేలా బ్యాంకులో ఒక్కసారి రాసివ్వండి. ఇంక్రిమెంటు లెటరు వచ్చిన రోజునే, మొదటి పెద్ద జీతం పడకముందే, ఆ అంకె మార్చండి. మొదటి పెద్ద జీతం చేతిలో పడ్డాక మార్చడం నా ఎరుకలో ఎవరికీ సాధ్యపడలేదు. షాపింగ్ యాప్‌లో దాచిన కార్డు నంబరు తీసేయండి. ప్రతిసారీ లేచి పర్సు తెచ్చుకుని పదహారు అంకెలు కొట్టాల్సి వస్తే, సగం కోరికలు ఎనిమిదో అంకె దగ్గరే చల్లారతాయి. చికాకుగా ఉంటుంది. ఉండాలి. ఇంజను గోల అదే.

కోపానికీ అంతే. "ఈసారి కోప్పడను" అని ఒట్టు పెట్టుకుని పెళ్ళింటికి వెళ్ళేవాడు బ్రేకును నమ్ముకున్నవాడు. ఆ ఒట్టు మొదటి రెండు ఎత్తిపొడుపుల దాకా బాగానే పనిచేస్తుంది. మూడో దానికి వేడెక్కుతుంది. గేరును నమ్ముకున్నవాడు ఇంట్లోనే ఒక సంగతి తేల్చుకుని బయల్దేరతాడు: పొలం మాట ఎత్తితే "ఆ సంగతి పండగ తర్వాత అన్నయ్యతో కలిసి కూర్చుని మాట్లాడుకుందాం బావా" అని లేచి వడ్డనలోకి వెళతాను. మాట సిద్ధంగా ఉంది, పోవాల్సిన చోటు సిద్ధంగా ఉంది. "ఇలా జరిగితే ఇలా చేస్తాను" అని ముందే ముడి వేసుకున్న నిర్ణయం, ఊరికే మంచిగా ఉండాలనుకోవడం కన్నా బాగా నిలబడుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచీ చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. మా వైపు పెద్దముత్తైదువలకు ఇది ప్రయోగాలు లేకుండానే తెలుసు. వంటింట్లో పని ఉందంటూ వాళ్ళు లేచిన సమయాలు ఒకసారి గుర్తుచేసుకోండి.

బ్రేకు అసలు వాడొద్దని కాదు. గేర్లో ఉన్నా వంపుల దగ్గర వాడాల్సిందే. కానీ దానికో పద్ధతి ఉంది. అమెరికాలో భారీ వాహనాల లైసెన్సుకు చదివే పుస్తకంలో ఉంటుంది: ముందు సరైన గేర్లో ఉండు. వేగం హద్దు చేరగానే తెలిసేలా గట్టిగా తొక్కు, గంటకు ఐదు మైళ్ళు తగ్గనివ్వు, పూర్తిగా వదిలెయ్. మళ్ళీ హద్దు చేరితే మళ్ళీ తొక్కు. దారి పొడవునా కాలు ఆనించి ఉంచితే బ్రేకుకు చల్లారే తీరిక ఉండదు.

పిల్లలున్న ఇళ్ళలో నేను ఎక్కువగా చూసేది కాలు ఆనించి ఉంచిన బ్రేకే. "ఫోను పెట్టెయ్ నాన్నా... పెట్టెయ్ అంటున్నానా... ఎన్నిసార్లు చెప్పాలిరా..." సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా అదే సన్నటి రాపిడి. ఫోను ఆగదు, అమ్మ గొంతు మాత్రం కాలిపోతుంది. చివరికి ఒక రోజు ఫోను గోడకేసి కొడతారు. దానికి బదులు ఎనిమిదిన్నరకు ఇంట్లో ఫోన్లన్నీ, నాన్న ఫోనుతో సహా, హాల్లో చార్జింగు దగ్గరికి చేరాలన్నది గేరు. చేరని రోజున ఒక్కసారి, సూటిగా, పేరు పెట్టి పిలిచి చెప్పడం బ్రేకు. చెప్పాక వదిలేయాలి. ఆ వదిలేయడమే చాలామందికి చేతకాదు.

మన వేడి మనకు చివరన తెలుస్తుంది. ఆ రోజు కార్లో వాసన పట్టింది నడిపేవాడు కాదు, వెనక సీట్లో ఉన్న అత్తయ్య. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో పైక్స్ పీక్ అనే కొండ ఉంది, 4,302 మీటర్లు. శిఖరం దాకా కార్లు పోతాయి. అక్కడున్న మనవాళ్ళు చాలామంది పిల్లలను తీసుకుని వెళ్ళే ఉంటారు. దిగేటప్పుడు దారి మధ్యలో గ్లెన్ కోవ్ దగ్గర రేంజర్లు కారు ఆపి, చేతిలో ఉన్న పరికరంతో బ్రేకుల వేడి చూస్తారు. ఎక్కువగా ఉంటే పక్కన ఆపించి, చల్లారాకే పంపిస్తారు. "నాకు డ్రైవింగ్ వచ్చు" అంటే వినరు. ఇంట్లోనో ఆఫీసులోనో మీకూ అలాంటి ఒకరుండాలి. "నువ్వీమధ్య ఊరికే కసురుకుంటున్నావు" అని చెప్పగలిగిన మనిషి. ఆ మనిషి చెప్పినప్పుడు వాదించకుండా బండి పక్కకు తీయడం మీ వంతు. అన్నట్టు, నిజం బ్రేకులు అలా కాలినప్పుడు చల్లార్చడానికి వాటి మీద నీళ్ళు పోయకండి. కాలిన ఇనుము వంకర పోతుంది, పగుళ్ళు కూడా రావచ్చు. కోపంగా ఉన్నవాడికి అప్పటికప్పుడు నీతులు చెప్పేవాళ్ళకూ ఇదే మనవి.

ఇంతవరకూ చదివి 'బి' అంత మంచిదైతే ఎప్పుడూ అందులోనే పెట్టేస్తాం అనుకునేవాళ్ళు కొందరుంటారు. కార్ల విషయంలో నిజంగానే ఉన్నారు, బ్యాటరీ బాగా ఎక్కుతుందని ఊళ్ళోనూ 'బి'లోనే తిప్పుతారు. జరిగేది తిరగబడి ఉంటుంది. బ్యాటరీకి చేరాల్సిన శక్తిలో కొంత ఊరికే ఇంజను తిప్పడానికి పోతుంది, మైలేజీ పడిపోతుంది. చదునైన రోడ్డుకు 'డి'యే సరి. మనుషుల్లోనూ ఈ రకం ఉన్నారు. కష్టకాలంలో నేర్చుకున్న బిగింపును కష్టం తీరాక కూడా వదలరు. అప్పులు తీరి పదేళ్ళయినా హోటల్లో మెనూ కుడివైపు అంకెలే చదువుతారు. పిల్లలు నవ్వితే కూడా, ఏదో జారిపోతున్నట్టు, నవ్వు ఆపుతారు. వాళ్ళను క్రమశిక్షణ గలవాళ్ళని నలుగురూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం చదును రోడ్డు మీద ఇంజను గోల వినిపిస్తుంది. పెన్షన్ వస్తోంది, మోకాళ్ళు ఇంకా బాగున్నాయి, భార్య కాశీ చూడాలంటోంది. ఇంకెప్పుడండీ 'డి'లో వేసేది?

దీనికి అటు చివర ఉన్నవాళ్ళు న్యూట్రల్ బాపతు. వాలు వచ్చింది కదా అని న్యూట్రల్ కొట్టి పెట్రోలు మిగిలిందనుకుంటారు. అదీ మిగలదు. ఇప్పటి ఇంజన్లలో గేర్లో ఉండి కాలు తీస్తే పెట్రోలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి కొంత కాలుతూనే ఉంటుంది. టయోటా తరహా హైబ్రిడ్లో న్యూట్రల్ వేస్తే బ్యాటరీ చార్జింగూ ఆగిపోతుంది. అంటే పట్టూ పోయింది, రాబడీ పోయింది. "జరిగేది జరుగుతుంది, మనమెందుకు తల దూర్చాలి" అనే మాటను వేదాంతంలా చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. వీళ్ళ గురించి ఇంతకంటే రాయడానికి లేదు, వాళ్ళు చదవరు కూడా.

వానలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. గేరు పట్టు చాలా కార్లలో ముందు చక్రాల మీదే పడుతుంది. తడి రోడ్డు మీద, ముఖ్యంగా వంపు మధ్యలో, ఒక్కసారిగా 'బి'లోకి లాగితే పట్టు జారవచ్చు. వేగం తగ్గించి, దారి తిన్నగా ఉన్న చోట వేయాలి. ఇంట్లో ఒక మరణమో, ఉద్యోగం పోవడమో జరిగిన వారంలోనే కొత్త నియమాలన్నీ ఒక్కసారిగా పెట్టేవాళ్ళుంటారు. ఆ వారం తడి రోడ్డు. కాస్త తిన్నటి దారి వచ్చేదాకా మెల్లగా పోనివ్వండి.

2022 నుంచి తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి. వాటికి కారు బ్యాటరీలా ఇరుకు ఉండదు, దిగేటప్పుడు పుట్టే కరెంటును చాలామటుకు దాచుకోగలవు. మనిషికి అంత పెద్ద బ్యాటరీ లేదు. పొగడ్త కానివ్వండి, డబ్బు కానివ్వండి, కొంతే పడుతుంది, తర్వాత ఏదో ఒకటి కాలడం మొదలవుతుంది. ఎవరి జాగా ఎంతో వాళ్ళకే తెలియాలి. ఒక్క సన్మానానికే నిండిపోయేవాళ్ళను మనమందరం చూశాం, శాలువా కప్పుకున్న మర్నాటి నుంచి ఫోను ఎత్తరు.

'బి' వాడేవాళ్ళకు ఇంకొక్క సంగతి. టయోటా తరహా కార్లలో గేరుతో వేగం తగ్గుతున్నప్పుడు వెనక ఎర్ర దీపాలు వెలగవు, అవి బ్రేకు పెడల్‌తో వెలిగేవి. మీరు నెమ్మదించారన్న సంగతి వెనక జీపువాడికి తెలియదు. అందుకని మధ్యమధ్యలో పెడల్‌ను వేగం తగ్గేంత కాకపోయినా దీపం వెలిగేంత తాకుతుండాలి. రెండో తారీఖున డబ్బు కట్టయ్యే ఏర్పాటు చేశారా, ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పండి: "వచ్చే నెల నుంచి నా చేతిలో పదివేలు తక్కువ ఉంటాయి, ఎందుకంటే ఇదీ." పెళ్ళింట్లో పొలం మాట వస్తే మీరు లేచి వెళ్ళిపోబోతున్నారా, మీ ఆవిడకు బస్సెక్కేముందే చెప్పండి. లేకపోతే మీరు లేచిన మరుక్షణం ఆ వాదన ఆవిడ మీద పడుతుంది.